వీడియో ఆపాకే లెక్క మొదలవుతుంది

శ్రోతలకు నమస్కారం.

ఆరు నుంచి ఎనిమిది తరగతుల పిల్లలు వీడియో పాఠాలతో లెక్కలు ఎలా నేర్చుకోవాలో ఇవాళ మాట్లాడుకుందాం. ఒక లెక్కతో మొదలుపెడతాను. కాగితం, కలం వద్దు. మనసులో అనుకుంటే చాలు. పదమూడింట పన్నెండు వంతులకు ఎనిమిదింట ఏడు వంతులు కలిపితే సుమారుగా ఎంత వస్తుంది? కచ్చితమైన జవాబు అక్కర్లేదు. నాలుగు సంఖ్యలు చెబుతాను, ఒకటి ఎంచుకోండి. 1, 2, 19, 21.

జవాబు 2. పదమూడు భాగాల్లో పన్నెండు తీసుకుంటే దాదాపు మొత్తం తీసుకున్నట్టే. ఎనిమిదిలో ఏడూ అంతే. ఒకటికి కాస్త తక్కువ, ఇంకో ఒకటికి కాస్త తక్కువ. కలిపితే రెండు దరిదాపుల్లో ఉంటుంది. ఇదే ప్రశ్నను 1978లో అమెరికాలో జరిగిన జాతీయ స్థాయి పరీక్షలో 13 ఏళ్ల పిల్లలకు ఇచ్చారు. 2 అని సరిగా గుర్తించినవాళ్లు 24 శాతం. సగానికి పైగా పిల్లలు 19 అనో 21 అనో పెట్టారు. పైనున్న 12నీ 7నీ కూడితే 19. కిందున్న 13నీ 8నీ కూడితే 21. చూడండి, కూడికలో ఒక్క తప్పు లేదు! ఆ పిల్లలకు అక్కడ రెండు భిన్నాలు కనబడలేదు, నాలుగు విడివిడి సంఖ్యలు కనబడ్డాయి, అంతే.

ఆరు, ఏడు, ఎనిమిది తరగతుల లెక్కల్లో ఉన్న కష్టమంతా దాదాపుగా ఇదే. అంతవరకూ పిల్లలకు సంఖ్య అంటే లెక్కబెట్టేది. అయిదు వస్తువులు, పది మంది మనుషులు. ఆరో తరగతికి వచ్చేసరికి ఒక్కసారిగా సంఖ్య స్వభావమే మారిపోతుంది. భిన్నంలో రెండు అంకెలు కలిసి ఒకే విలువను చెబుతాయి. సున్నాకు ఎడమ పక్కన కూడా సంఖ్యలు పుట్టుకొస్తాయి. నిష్పత్తి వస్తుంది, శాతం వస్తుంది, అంకె ఉండాల్సిన చోట అక్షరం వచ్చి కూర్చుంటుంది. ఇవన్నీ రెండు మూడేళ్లలోనే వచ్చిపడతాయి. అప్పటిదాకా లెక్కల్లో చురుగ్గా ఉన్న పిల్లలు కూడా ఇక్కడే 'నాకు లెక్కలు రావు' అనే మాట మొదలుపెడతారు.

ఇది చిన్న విషయంగా కొట్టిపారేయదగ్గది కాదు. అమెరికా, బ్రిటన్ దేశాల పిల్లల లెక్కల ప్రగతిని ఏళ్ల తరబడి గమనించి, 2012లో రాబర్ట్ సీగ్లర్, ఆయన సహచరులు ఒక పరిశోధన ప్రచురించారు. హైస్కూలులో బీజగణితం ఎవరికి బాగా వస్తుందో పదేళ్ల వయసులో చూసి చెప్పగలమా అన్నది ప్రశ్న. కుటుంబ ఆదాయం, తల్లిదండ్రుల చదువు, పిల్లల తెలివితేటల కొలతలు అన్నీ పక్కకు తీసి చూసినా ముందుగా సూచన ఇచ్చేవి రెండే తేలాయి. ఒకటి భిన్నాలు, రెండు భాగహారం.

ఇక వీడియో పాఠాల సంగతికి వస్తాను. ఉచితంగా దొరికే లెక్కల వీడియోలు ఇప్పుడు లెక్కలేనన్ని. వీటికి ఊపు తెచ్చిన ఖాన్ అకాడమీ కథ చాలామందికి తెలిసిందే. సల్మాన్ ఖాన్ అనే ఆయన 2004లో దూరాన ఉన్న తన పినతండ్రుల, మేనమామల పిల్లల్లో ఒక అమ్మాయికి ఫోనులో లెక్కలు చెప్పడం మొదలుపెట్టాడు. సినిమా నటుడు కాదు లెండి, ఇద్దరిదీ ఒకటే పేరు. మిగతా బంధువుల పిల్లలూ తోడయ్యారు. అందరికీ విడివిడిగా చెప్పడం కుదరక 2006 నుంచి పాఠాలను వీడియోలుగా చేసి యూట్యూబ్‌లో పెట్టాడు. 2008లో అది లాభాపేక్ష లేని సంస్థ అయింది. ఈ కథలో నాకు అన్నిటికన్నా నచ్చే భాగం వేరే ఉంది. 'నువ్వు ఎదురుగా చెప్పేదానికన్నా యూట్యూబ్‌లోనే బాగున్నావు' అన్నారట ఆ పిల్లలు. ఆయనే 2011లో ఒక ప్రసంగంలో నవ్వుతూ చెప్పాడు. వినడానికి ఆక్షేపణలా ఉన్నా అందులో గట్టి కారణం ఉంది. వీడియో అయితే ఆపుకోవచ్చు, వెనక్కి తిప్పుకోవచ్చు. మూడోసారి అడిగితే ఏమనుకుంటారో అన్న బెరుకు ఉండదు. రెండేళ్ల కింద నేర్చుకోవాల్సింది ఇప్పుడు చూస్తున్నామని ఎవరికీ తెలియదు.

ఈ చివరి మాట దగ్గర కాసేపు ఆగుదాం. ఎనిమిదో తరగతి పిల్లవాడికి సమీకరణాలు రావడం లేదంటే మనం సమీకరణాల పాఠమే మళ్లీ మళ్లీ చెబుతాం. చాలాసార్లు లోపం అక్కడ ఉండదు. సమీకరణంలో ఎక్స్‌ను నాలుగుతో భాగించాక వచ్చిన భిన్నంతో ఏం చేయాలో వాడికి తెలియదు. అంటే గండి పడింది అయిదో తరగతిలో, నీళ్లు కనిపిస్తున్నది ఎనిమిదో తరగతిలో. బడిలో ఉపాధ్యాయుడికి పాఠ్యప్రణాళిక ముందుకు తోసుకుపోతూ ఉంటుంది, తరగతి మొత్తాన్నీ మూడేళ్లు వెనక్కి తీసుకెళ్లలేరు. బెంజమిన్ బ్లూమ్ అనే విద్యావేత్త 1968లోనే ఈ చిక్కు గురించి రాశాడు. బడిలో సమయం అందరికీ ఒకటే, నేర్చుకున్నది మాత్రం ఒక్కొక్కరికీ ఒక్కోలా ఉంటుంది. దాన్ని తిరగేసి, ఒక మెట్టు గట్టిగా వచ్చేదాకా ఎంత సమయం పడితే అంత ఇద్దాం అన్నది ఆయన వాదం. ఒక్కో విద్యార్థికి ఒక్కో ఉపాధ్యాయుడు లేకుండా ఆ పని చేయడం కష్టమే. వీడియోలు ఆ కష్టాన్ని కొంత తగ్గించాయి. కాబట్టి మీ అబ్బాయి ఏ తరగతో చూసి ఆ తరగతి వీడియోలు పెట్టకండి. ముందు భిన్నాల పోలికతో పరీక్షించండి. మూడింట రెండు పెద్దదా, అయిదింట మూడు పెద్దదా? జవాబుతో పాటు కారణం కూడా చెప్పగలిగితే పై పాఠానికి వెళ్లవచ్చు. తడబడితే అక్కడే మొదలుపెట్టాలి, అందులో నామోషీ ఏమీ లేదు.

ఇంతవరకూ వీడియోలను పొగిడాను. ఇప్పుడు వాటితో వచ్చే చిక్కు చెబుతాను.

చూస్తున్నంతసేపూ అంతా అర్థమైనట్టే ఉంటుంది. మైఖేల్ కార్డాస్, ఎడ్ ఓబ్రయన్ అనే ఇద్దరు పరిశోధకులు 2018లో ప్రచురించిన ప్రయోగాల్లో ఒకటి గురికి బాణపు ములుకులు విసిరే ఆట మీద చేశారు. బాగా విసిరే మనిషి వీడియోను కొందరికి ఒక్కసారి, కొందరికి 20 సార్లు చూపించారు. 20 సార్లు చూసినవాళ్లకు తమకూ వచ్చేసిందన్న ధీమా పెరిగింది. విసరమంటే మాత్రం ఒక్కసారి చూసినవాళ్లకన్నా మెరుగ్గా ఏమీ విసరలేదు. లెక్కల వీడియోలోనూ జరిగేది ఇదే. చెప్పేవారి చెయ్యి తడబడకుండా సాగిపోతుంటే ఆ నైపుణ్యం మనదే అనిపిస్తుంది. పుస్తకం తెరిచి అదే రకం లెక్క ఒంటరిగా చేయబోతే మొదటి మెట్టే తట్టదు.

అందుకే నా దృష్టిలో లెక్కల వీడియోలో అన్నిటికన్నా విలువైనది ఆపే మీట. ఈ రేడియో ప్రసంగానికి ఆ సౌకర్యం లేదు, అయినా ప్రయత్నిద్దాం. ఆరును సగంతో భాగించాలి. ఆగండి. ఆరుతో కాదు, రెండుతో కాదు, సగంతో భాగించడం. జవాబు ఆరు కన్నా ఎక్కువ వస్తుందా, తక్కువ వస్తుందా? ముందు అది తేల్చుకోండి. భాగిస్తే తగ్గాలి కదా అనుకుంటూ మూడు అని చెప్పేవాళ్లు చాలామంది ఉంటారు. కానీ ప్రశ్న ఏమిటంటే, ఆరులో సగాలు ఎన్ని ఉన్నాయి? ఒక్కొక్క దానిలో రెండేసి సగాలు. ఆరింటిలో పన్నెండు. జవాబు 12. 'రెండో భిన్నాన్ని తిరగేసి గుణించు' అని బడిలో కంఠస్థం చేసిన సూత్రం వెనకాల ఉన్నది ఈ మాటే. వీడియోలో ఇది సంఖ్యారేఖ మీద గీసి చూపిస్తారు, చాలా బాగుంటుంది. అయితే గీసేలోపే ఆపి, ఒక అంచనా నోటుబుక్కులో రాసుకున్న పిల్లకు ఆ బొమ్మ కొత్తగా తగులుతుంది. ఊరికే చూస్తున్న పిల్లకు అది మరో బొమ్మ, అంతే.

అంచనా తప్పయితే ఇంకా మంచిది. సిడ్నీ విశ్వవిద్యాలయంలో డెరిక్ ముల్లర్ భౌతికశాస్త్ర వీడియోల మీద పరిశోధన చేసి 2008లో సిద్ధాంత వ్యాసం సమర్పించాడు. విషయాన్ని సూటిగా, నున్నగా చెప్పిన వీడియోలను విద్యార్థులు 'చాలా స్పష్టంగా ఉంది' అని మెచ్చుకున్నారు. మార్కులు మాత్రం పెద్దగా కదల్లేదు. మామూలుగా అందరూ పొరబడే ఆలోచనను ముందు పెట్టి, అది ఎందుకు నిలవదో వాదించి చూపిన వీడియోలు గందరగోళంగా ఉన్నాయన్నారు. వాటిని చూసినవాళ్లే ఎక్కువ నేర్చుకున్నారు. వీడియో ఎంచుకునేటప్పుడు ఇది గుర్తుంచుకోదగ్గది. రంగులు, పాటలు, గెంతులేసే బొమ్మలు చూసి ఎంచుకోవద్దు. 'ఇక్కడ చాలామంది ఇలా చేస్తారు, ఎందుకు తప్పో చూద్దాం' అనే ఉపాధ్యాయుడు దొరికితే వదలకండి.

అలా పొరబడే చోట్లు ఈ మూడు తరగతుల్లో కొన్నే ఉన్నాయి, ఆశ్చర్యంగా చాలా దేశాల్లో అవే. సమానం గుర్తునే తీసుకోండి. ఎనిమిదీ నాలుగూ కలిపితే, ఒక ఖాళీ గడీ అయిదూ కలిపినదానికి సమానం. గడిలో ఎంత ఉండాలి? చాలామంది పిల్లలు 12 అంటారు. ఇంకొందరు అన్నీ కలిపేసి 17 అంటారు. ఉండాల్సింది 7. సమానం గుర్తు అంటే 'ఇక జవాబు రాయి' అనే ఆజ్ఞ అని వాళ్లు అనుకుంటున్నారు. రెండు పక్కలా విలువ ఒకటేనని చెప్పడమే దాని పని. ఇది పట్టుబడకపోతే సమీకరణాల్లో సంఖ్యను అటునుంచి ఇటు తెచ్చేటప్పుడు గుర్తు ఎందుకు మారుతుందో ఎప్పటికీ మంత్రమే.

ఋణ సంఖ్యల గుణకారం ఇంకొకటి. మైనస్‌ను మైనస్‌తో గుణిస్తే ప్లస్ ఎందుకు? వరుసగా చూస్తే తేలిపోతుంది. మూడును మైనస్ రెండుతో గుణిస్తే మైనస్ ఆరు. రెండును మైనస్ రెండుతో గుణిస్తే మైనస్ నాలుగు. ఒకటిని గుణిస్తే మైనస్ రెండు. సున్నాను గుణిస్తే సున్నా. ప్రతిసారీ జవాబు రెండేసి పెరుగుతోంది కదా. ఇంకో మెట్టు దిగితే మైనస్ ఒకటిని మైనస్ రెండుతో గుణించాలి. ఆ వరుస చెడకుండా ఉండాలంటే జవాబు ప్లస్ రెండే కావాలి. ఇక శాతాల్లో అయితే పెద్దవాళ్లమూ పడతాం. ఒక సంఖ్యను 20 శాతం పెంచి, వెంటనే 20 శాతం తగ్గిస్తే మొదటికి వస్తుందా? రాదు. 100 కాస్తా 120 అవుతుంది, 120లో 20 శాతం అంటే 24, మిగిలేది 96. శాతం దేనిమీద అన్నది మధ్యలో మారిపోయింది.

వీడియో నిడివి గురించి ఒక్క మాట. ఎడెక్స్ అనే ఆన్‌లైన్ పాఠాల వేదికలో లక్షల వీక్షణలను పరిశీలించి 2014లో తేల్చినదేమిటంటే, వీడియో ఎంత పొడవున్నా చూసేవాళ్లు సాధారణంగా ఆరు నిమిషాలకు మించి నిలబడటం లేదు. గంట పాఠం ఒకేసారి చూపించకండి. ఒక ముక్క చూసి, నాలుగు లెక్కలు చేసి, మరో ముక్కకు వెళ్లడం మేలు. వేగం పెంచి చూసే అలవాటు కూడా ఉంది కదా, కొత్త పాఠానికి అది పనికిరాదు. తెలిసిన పాఠం మళ్లీ చూసేటప్పుడు పెంచుకుంటే నష్టం లేదు.

అర్థం కాకపోతే అదే వీడియోను మళ్లీ పెట్టడం సహజంగా చేసే పని. ఒకసారి పెట్టండి, పరవాలేదు. రెండోసారీ అర్థం కాకపోతే ఉపాధ్యాయుణ్ని మార్చండి. అదే భిన్నాల గుణకారాన్ని ఒకరు దీర్ఘచతురస్రం గీసి చెబుతారు, ఇంకొకరు సంఖ్యారేఖ మీద చెబుతారు. ఉచితం కాబట్టి మొహమాటం అక్కర్లేదు. అర్థమైతే మాత్రం మళ్లీ చూడాల్సిన పని లేదు, చేసి చూడాలి. రోడిగర్, కార్పికీ అనే మనస్తత్వవేత్తలు 2006లో ప్రచురించిన ప్రయోగంలో కొందరు ఒక పాఠాన్ని పదేపదే చదివారు. కొందరు ఒకసారి చదివి, పుస్తకం మూసి, గుర్తున్నది రాశారు. అయిదు నిమిషాల తర్వాత అడిగితే పదేపదే చదివినవాళ్లదే పైచేయి. వారం తర్వాత అడిగితే మూసి రాసినవాళ్లకే ఎక్కువ గుర్తుంది. లెక్కల్లో దీన్ని అమలు చేయడం తేలిక. వీడియోలో చేసిన లెక్కనే మర్నాడు వీడియో తెరవకుండా చేయమనండి. వారం పోయాక అంకెలు మార్చి ఇంకోసారి చేయించండి.

'మాకే లెక్కలు రావు, పిల్లలకేం చెబుతాం' అనే తల్లిదండ్రులకు ఒక తేలికైన పని ఉంది. వీడియో అయ్యాక పక్కన కూర్చుని 'ఇది ఎందుకలా అయింది, నాకు చెప్పు' అని అడగండి. మీకు తెలియకపోవడమే అక్కడ మీ బలం, నిజంగానే అడుగుతున్నారని పిల్లలకు తెలుస్తుంది. 'అదంతే, సూత్రం' అని జవాబు వస్తే ఆ వీడియో ఇంకా పూర్తి కాలేదన్నమాట.

వీడియోకు ఒక లోటు మాత్రం ఎప్పటికీ ఉంటుంది. అది చెబుతుందే కానీ మీ అమ్మాయి నోటుబుక్కును చూడదు. మూడో వరసలో గుర్తు మారిపోయిందని, హారాలను కూడేసిందని దానికి తెలియదు. కొన్ని వేదికల్లో జవాబు తప్పో ఒప్పో చెప్పే అభ్యాసాలు ఉంటాయి, అవి పనికొస్తాయి. తప్పు ఎక్కడ జరిగిందో వెతికి పట్టుకోవడానికి ఇప్పటికీ మనిషే మెరుగు. అందుకని వారానికోసారైనా ఆ నోటుబుక్కు లెక్కల మాస్టారి ముందుకో, టీచరమ్మ ముందుకో వెళ్లాలి. లెక్కలు పెన్నుతో చేయించండి, రబ్బరు ఇవ్వకండి. తప్పు వరసను ఒక్క గీతతో కొట్టేసి, పక్కన మళ్లీ చేయమనండి. పిల్ల ఎలా ఆలోచించిందో మాస్టారికి తెలిసేది ఆ కొట్టివేతల్లోనే.

నమస్కారం.