తనంతట తానే తెరుచుకునే సరళాసాగర్

శ్రోతలకు నమస్కారం.

వానాకాలంలో డ్యాం చూడటానికి వెళ్లేవాళ్లు ముందుగా అడిగేది ఒక్కటే: గేట్లు ఎత్తారా? ఎత్తకపోతే ఉసూరుమంటూ తిరిగొస్తారు. ఈ రోజు నేను చెప్పబోయే డ్యాం దగ్గర ఆ ప్రశ్నే కుదరదు. వరద వస్తే ఎత్తడానికి అక్కడ గేటు లేదు, మోటారు లేదు, మీట నొక్కే మనిషీ లేడు.

అదే వనపర్తి జిల్లా మదనాపురం మండలంలోని సరళాసాగర్. వనపర్తి రాజా రామేశ్వరరావు తన తల్లి సరళాదేవి పేరు మీద తలపెట్టారు. 1949లో మొదలై 1959లో పూర్తయింది. నిల్వ దాదాపు అర టీఎంసీ. నాగార్జునసాగర్ పక్కన పెడితే లెక్కలోకే రాదు. అయినా నన్నడిగితే చూడవలసింది దీన్నే.

డ్రమ్ములోంచి డీజిలు తీసేవాళ్లను చూసే ఉంటారు. గొట్టం ఒక కొన లోపల వేసి, రెండో కొన కిందికి వంచి, నోటితో ఒక్కసారి పీలుస్తారు. అంతే, ఇక దానంతట అదే పారుతుంది. సరళాసాగర్ సైఫన్లు చేసేదీ అదే. గోడలో వంపు తిరిగిన కాంక్రీటు గొట్టాలు ఉంటాయి. మరి అక్కడ పీల్చేదెవరు? నీళ్లే! జలాశయం నిండి మట్టం దాటగానే కొంచెం నీరు వంపు మీదుగా లోపలికి జారుతుంది. జారుతూ జారుతూ గొట్టంలోని గాలిని తన వెంట లాక్కుపోతుంది. లోపల గాలి పలచబడుతుంది. బయట జలాశయం మీద ఉన్న వాతావరణ పీడనం నీటిని లోపలికి నెడుతుంది. అప్పటిదాకా సన్నగా జారిన నీరు గొట్టం నిండుగా దూకుతుంది. మట్టం తగ్గి గాలి మళ్లీ లోపలికి చొరబడిందా, ప్రవాహం ఆగిపోతుంది. తెరిచేదీ నీళ్లే, మూసేదీ నీళ్లే.

అంత తెలివైన కట్టడానికీ 2019 డిసెంబరు 31న గండి పడింది. తెగింది సైఫన్లు కావు, మట్టికట్ట. తరువాత కట్టను మళ్లీ నిర్మించారు. యంత్రం లేదు కదా అని కాపలా కూడా అక్కర్లేదనుకుంటే కుదరదని నా అభిప్రాయం.

ఇక చూడటానికి వెళ్లేవాళ్లకు ఒక్క మాట. గేట్లున్న డ్యాం దగ్గర నీరు వదిలే ముందు సైరన్ మోగిస్తారు, మనుషులను పక్కకు పంపుతారు. ఇక్కడ నీరు వదలాలని నిర్ణయించేది మనిషి కాదు. జలాశయం నిండుగా ఉన్నప్పుడు సైఫన్ల కింద రాళ్ల మీదికి ఫోటోల కోసం దిగకండి. పొడిగా ఉంది కదా అని దిగకండి. పిల్లలను అసలే దింపకండి. పైనుంచి చూస్తే చాలు, ఆ దూకుడు అక్కడి నుంచే బాగా కనిపిస్తుంది. సైఫన్లు పారుతుంటే దిగువన ఊకచెట్టు వాగు కూడా పొంగుతుంది. మదనాపురం, ఆత్మకూరు మధ్య ప్రయాణించేవాళ్లు బండి తీసే ముందే దారి ఉందో లేదో కనుక్కోండి.

సెలవు.