కరకట్టల జిల్లా నార్డ్‌ఫ్రీస్‌లాండ్

అందరికీ నమస్కారం.

జర్మనీ మ్యాప్‌లో బాగా పైకి, డెన్మార్క్ సరిహద్దు దాకా వెళ్లి ఎడమ పక్కకు చూడండి. ఉత్తర సముద్రాన్ని ఆనుకుని ఉన్న ఆ జిల్లాయే నార్డ్‌ఫ్రీస్‌లాండ్. ష్లెస్విగ్-హోల్‌స్టైన్ రాష్ట్రంలో ఉంది, ముఖ్యపట్టణం హూసుమ్. విస్తీర్ణం సుమారు 2,080 చదరపు కిలోమీటర్లు, జనాభా లక్షా అరవై వేల పైచిలుకు. ఇంత తక్కువ జనానికి పట్టణాలూ పల్లెలూ కలిపి 130 దాకా స్థానిక సంస్థలున్నాయి. ఇది ఎలా నడుస్తుందో చెప్పాలంటే ముందు కరకట్ట సంగతి చెప్పాలి.

ఇక్కడి నేల చాలా భాగం సముద్రం నుంచి గుంజుకున్నదే. కట్ట లేకపోతే పంట లేదు. అందుకే పాతకాలంలో ఏ రైతు ముక్క కట్టను ఆ రైతే చూసుకోవాలి. చేతకాకపోతే తన పారను కట్టలో గుచ్చి, ఇల్లూ పొలమూ వదిలి వెళ్లిపోవాలి. ఆ పారను పీకినవాడికి పొలం దక్కేది, కట్ట బరువూ వాడి నెత్తినే పడేది. వినడానికి దుర్మార్గంగా ఉంటుంది. కానీ ఒక్కడి ముక్క తెగితే ఊరంతా మునుగుతుంది కదా.

మునగడమంటే మామూలు మునగడం కాదు. 1362లో వచ్చిన తుపానులో రుంగ్‌హోల్ట్ అనే ఊరు ఊరే పోయింది. చాలామంది అదంతా కథేమో అనుకునేవారు. 2023లో పరిశోధకులు ఆటుపోట్ల బురద కింద ఆ ప్రాంతపు పెద్ద చర్చి పునాదిని గుర్తించారు. 1634 అక్టోబరులో ఇంకో ఉప్పెన వచ్చి ష్ట్రాండ్ అనే పెద్ద దీవిని ముక్కలు చేసింది. ఆ ఒక్క దీవిలోనే ఆరు వేల మందికి పైగా చనిపోయారు. మిగిలిన ముక్కల్లో పెద్దవి రెండు, పెల్‌వోర్మ్, నార్డ్‌ష్ట్రాండ్. నార్డ్‌ష్ట్రాండ్‌లో బతికి బయటపడ్డవాళ్లు కట్టలు మళ్లీ వేసుకోలేకపోయారు. 1652లో అక్కడి డ్యూక్ ఆ భూమిని డచ్చివాళ్లకు రాసిచ్చేశాడు. అయినవాళ్లను పోగొట్టుకున్నవాళ్ల చేతుల్లోంచి పొలం కూడా పోయింది.

కట్టలు లేని చోట్లూ ఉన్నాయి. హల్లిగ్‌లు అనే చిన్న చిన్న దీవులు మొత్తం పది. ఇళ్లన్నీ మట్టి దిబ్బల మీద ఉంటాయి. శీతాకాలం తుపాన్లలో పచ్చిక బయలంతా మునిగి, దిబ్బలు మాత్రమే నీళ్లపైన తేలుతాయి. దిబ్బ మధ్యలో పశువులకు వాననీటి గుంట ఉండేది. 1962 ఉప్పెన తర్వాత కట్టిన ఇళ్లలో పైఅంతస్తున ఒక గదిని కాంక్రీటు స్తంభాల మీద నిలబెట్టారు. గోడలు కొట్టుకుపోయినా ఆ గది నిలబడాలి.

ఇక పాలన సంగతి. 1864 యుద్ధం దాకా ఈ ప్రాంతం డెన్మార్క్ రాజు కింద ఉండేది. ఆ ఏడాదే హూసుమ్‌కు పాలనాధికారిగా వచ్చినవాడు కవి థియోడోర్ ష్టోర్మ్. జడ్జీ ఆయనే, పోలీసు పెద్దా ఆయనే. 1867లో ప్రష్యా అనే జర్మన్ రాజ్యం వచ్చి కోర్టునూ పాలననూ విడదీసింది. ఏదో ఒకటి ఎంచుకోమంటే ఆయన జడ్జీగా ఉండిపోయాడు. ప్రష్యా ఏర్పాటు చేసిన జిల్లాల్లో టొండర్న్‌ను 1920 ప్రజాభిప్రాయ సేకరణ రెండుగా చీల్చింది. టొండర్న్ పట్టణంలో ఎక్కువమంది జర్మనీకే ఓటేశారు, కానీ లెక్క ప్రాంతం మొత్తానికి కలిపి వేయడంతో ఊరు డెన్మార్క్‌కు పోయింది. మిగిలిన దక్షిణ భాగాన్నీ, హూసుమ్, ఐడర్‌ష్టెట్ జిల్లాలనూ 1970లో కలిపితే ఇప్పటి నార్డ్‌ఫ్రీస్‌లాండ్ వచ్చింది.

జిల్లా అధిపతిని లాండ్‌రాట్ అంటారు. మన కలెక్టర్‌లా ప్రభుత్వం పంపిన అధికారి కాదు. జనం ఎన్నుకున్న జిల్లా సభ ఈయన్ని ఎన్నుకుంటుంది. ఇంటి ప్లాన్‌కు పర్మిషన్, బండి రిజిస్ట్రేషన్, అంబులెన్సులు, చెత్త, పిల్లల సంక్షేమం జిల్లా పనులు. డబ్బు కూడా పైనుంచి మాత్రమే రాదు. ఊళ్లే తమ ఆదాయంలోంచి జిల్లాకు వాటా కడతాయి. అందుకే జిల్లా సభ ఆ వాటా పెంచుతానంటే ఊరి మేయర్లు ఊరుకోరు.

చిన్న ఊళ్లకు సొంత ఆఫీసు పెట్టుకునే స్తోమత ఉండదు. కొన్ని ఊళ్లు కలిసి ఒకే ఆఫీసు నడుపుకుంటాయి, దాన్ని ఆమ్ట్ అంటారు. కాగితాల పని ఆమ్ట్‌ది, నిర్ణయం ఊరిది. నాకు నచ్చిన ఉదాహరణ గ్రోడె. అదొక హల్లిగ్, జనం పట్టుమని పది మంది. అయినా దానికి మేయర్ ఉన్నారు. 70 మంది దాటని ఊళ్లో కౌన్సిల్‌కు ఎన్నిక ఉండదని రాష్ట్ర చట్టం. ఓటున్న ప్రతివాళ్లూ సభ్యులే, అందరూ కూర్చుని తేల్చుకోవాలి. ఈ ఊరిని పక్క ఊళ్లో కలిపేస్తే ఖర్చు తగ్గుతుంది కదా అని మీకు అనిపించవచ్చు. నన్నడిగితే వద్దంటాను. పడవకు వేళ ఎప్పుడో, తుపానుకు ముందు ఏ పశువును ఎక్కడికి తోలాలో ఆ దిబ్బ మీద ఉన్నవాళ్లకు తెలిసినట్టు హూసుమ్‌లో ఎవరికీ తెలియదు.

జూల్ట్ దీవిది వేరే తలనొప్పి. 1927లో సముద్రం మీదుగా 11 కిలోమీటర్ల రైలు కట్ట వేశారు. ఈ రోజుకీ కారును రైలెక్కించాలి, లేదంటే డెన్మార్క్ దీవి రోమో నుంచి పడవలో తీసుకెళ్లాలి. డబ్బున్నవాళ్లు సెలవులకని ఇళ్లు కొనేసి అద్దెలు పెంచేశారు. దాంతో హోటళ్లలో పనిచేసేవాళ్లు చాలామంది రోజూ రైల్లో వచ్చిపోవాల్సిందే. ఏ ఇంట్లో కాపురం ఉండాలి, ఏది టూరిస్టులకు ఇవ్వొచ్చు అన్న తగాదా ఇప్పుడు జిల్లా ఆఫీసు బల్ల మీదికి చేరింది.

సముద్ర మట్టం పెరుగుతోంది కాబట్టి హల్లిగ్‌లలో కొన్ని దిబ్బల ఎత్తు పెంచే పని మొదలుపెట్టారు. అంత ఖర్చు చిన్న ఊరు భరించలేదు, రాష్ట్రమే పెట్టుకోవాలి. నేను చెప్పదలచుకున్నది ఇంతే. ప్రశ్నలుంటే అడగండి.