కణానికి కావలసిన పరుపు

శ్రోతలకు నమస్కారం.

మూలకణాల గురించి ఈమధ్య పేపర్లలో తరచూ చూస్తున్నాం. రకరకాల కణాలుగా మారగలిగేవి అంటారు. నిజమే, కానీ ఏదిగా మారాలో వాటికి ఎవరు చెబుతారు? చుట్టూ ఉండే రసాయనాలేనని చాలాకాలం అనుకున్నారు. 2006లో అమెరికాలోని పెన్సిల్వేనియా విశ్వవిద్యాలయంలో ఆడమ్ ఎంగ్లర్, డెన్నిస్ డిషర్, వాళ్ల తోటివాళ్లు మనిషి ఎముక మజ్జలోని మూలకణాలను వేరువేరు జెల్‌ల మీద వేశారు. పోసిన ద్రవం ఒకటే, తేడా అంతా మెత్తదనంలోనే. మెదడంత మెత్తటి జెల్ మీదవి నాడీకణాల్లా కొమ్మలు వేశాయి. కండరమంత బిగువున్న దానిమీదవి కండరకణాల్లా సాగాయి. ఇంకా గట్టిదాని మీదవి ఎముక దారి పట్టాయి. మనం మామిడిపండును నొక్కి చూసినట్టు, కణం తను కూర్చున్న చోటును లాగి చూసుకుంటుందన్నమాట.

అయితే శరీరంలో కణానికి కిందే కాదు, నాలుగు పక్కలా, పైనా ఏదో ఒకటి ఆనుకుని ఉంటుంది. చదునైన ప్లాస్టిక్ డిష్‌లో వేస్తే పాపం అట్టులా పరుచుకుపోతుంది. అందుకే జెల్ లోపల పొదిగి పెంచుతారు. ల్యాబుల్లో ఎక్కువగా వాడేది మాట్రిజెల్. మన నెయ్యి చలికి పేరుకుంటుంది, వేడికి కరుగుతుంది. దీనిది రివర్స్! మంచు మీద పల్చగా ఉంటుంది, వెచ్చబడితే గడ్డకడుతుంది. ద్రవాన్ని పీల్చి పోసే పిపెట్ గొట్టం మొనల్ని కూడా ముందే చల్లబరిచి పెట్టుకోవాలి, లేదంటే జెల్ వాటిలోనే బిగుసుకుపోతుంది. చిక్కేమిటంటే, అది ఎలుక కణితి నుంచి తీసిన పదార్థం. ఒక బ్యాచ్ ఉన్నట్టు ఇంకొకటి ఉండదు. పైగా మనిషిలో పెట్టబోయే కణాన్ని ఎలుక కణితిలో పెంచామంటే ఏ డాక్టరు ఊరుకుంటారు?

స్విట్జర్లాండ్‌లోని లొసాన్‌లో మథియాస్ లుటాల్ఫ్ బృందం 2016లో పాలీఇథిలీన్ గ్లైకాల్‌తో జెల్ తయారుచేసింది. మలబద్ధకం మందుల్లో వాడేదే అది. వీళ్లు పెంచింది పేగు మూలకణాల్నే, భలే కుదిరింది. జెల్ గట్టిగా ఉన్నప్పుడు కణాలు బాగా పిల్లలు పెట్టాయి, కానీ పేగు రూపం రాలేదు. దానికి మెత్తటి జెల్ కావాల్సి వచ్చింది. దాంతో మొదట గట్టిగా ఉండి, రోజులు గడిచేకొద్దీ మెత్తబడే జెల్‌ను తయారుచేశారు. నాకు ఈ రంగంలో అన్నిటికన్నా నచ్చిన పని ఇదే.

ఇక ఇలా పెంచిన కణజాలం పరిమాణం దగ్గర అందరూ ఆగిపోతున్నారు. 2013లో వియన్నాలో మాడలిన్ లాంకాస్టర్, యుర్గెన్ నోబ్లిక్ వాళ్లు మూలకణాల నుంచి పెంచిన మినీ మెదడు, అంటే మెదడు కణజాలపు చిన్న ముద్ద, సుమారు 4 మిల్లీమీటర్ల దగ్గర నిలిచిపోయింది. ద్రవాన్ని గిరగిరా తిప్పుతూ ఉంచినా, రక్తనాళాలు లేవు కాబట్టి ఆక్సిజన్ నడిమధ్యకి చేరదు. అక్కడి కణాలు చచ్చిపోతాయి.

నాళాలకు దారి వెతికే పని అంతకు ఏడాది ముందే పెన్సిల్వేనియాలో జరిగింది. చక్కెరను పాకంలా కాచి, సన్నటి తీగల వలగా ముద్రించారు. దాని చుట్టూ కణాలు కలిపిన జెల్ పోసి, ఆ తర్వాత చక్కెరను కరిగించేశారు. తీగలున్న చోట గొట్టాలు మిగిలాయి. వాటి గుండా రక్తం కూడా పారించి చూశారు.