పెద్దమ్మ కనురెప్ప

శ్రోతలకు నమస్కారం.

కార్తీకమాసం వస్తే మా ఇంట్లో రెండు పనులు తప్పవు. ఒకటి, ఉసిరిచెట్టు కింద వనభోజనం. రెండోది, కాజీపేటలో ఉన్న మా పెద్దమ్మ బతికే ఉందని ప్రభుత్వానికి చెప్పడం. పెదనాన్న రైల్వేలో చేసి రిటైరయ్యాడు. ఆయన పోయాక ఆమెకు ఫ్యామిలీ పెన్షన్ వస్తోంది. ఏటా నవంబర్‌లో లైఫ్ సర్టిఫికెట్ ఇస్తేనే అది ఆగకుండా వస్తుంది.

ఒకప్పుడు ఆటోలో బ్యాంకుకు తీసుకెళ్ళి, బెంచీ మీద కూర్చోబెట్టి, మేనేజర్ ఎదుట సంతకం పెట్టించేవాళ్ళం. 2014 నవంబర్‌లో కేంద్ర ప్రభుత్వం జీవన్ ప్రమాణ్ అనే పద్ధతి తెచ్చింది. వేలిముద్ర వేస్తే చాలన్నారు. కానీ జీవితమంతా అంట్లు తోమిన వేళ్ళ మీద గీతలెక్కడ మిగులుతాయి? యంత్రం మీద వేలు పెట్టడం, ఎర్ర లైటు వెలగడం, కొంగుతో తుడుచుకుని మళ్ళీ పెట్టడం. 2021 నవంబర్‌లో ముఖం చూపిస్తే సరిపోయే ఏర్పాటు వచ్చింది. అప్పటి నుంచి ఆ పని నా ఫోన్ మీద పడింది.

అందుకు ఫోన్‌లో రెండు యాప్‌లు ఉండాలి. ఒకటి జీవన్ ప్రమాణ్‌ది, రెండోది ఆధార్ వాళ్ళు ముఖాన్ని సరిచూడటానికి ఇచ్చినది. ముందు ఫోన్ పట్టుకున్నవాడు ఎవడో తేలాలి కాబట్టి తొలి పరీక్ష నాకే. నా ఆధార్ ఫోటో చూస్తే మీరూ నవ్వుతారు. నిండా జుట్టు, బక్క మొహం, ఇప్పుడే నిద్ర లేచినట్టు కళ్ళు. మొదటిసారి ఫోన్ నన్ను ఒప్పుకోలేదు. పెద్దమ్మ పక్కనే కూర్చుని, "ఏందిరా, ముందు నువ్వే నువ్వు కాదంటుంది?" అంది. కళ్ళజోడు తీసేశాక ఒప్పుకుంది.

తర్వాత ఆమె వంతు. వాకిట్లోకి తలుపు తీసి ఉంటే వెలుతురు బాగుంటుందని గుమ్మంలో కుర్చీ వేశాను. తప్పు అక్కడే జరిగింది. వెలుతురంతా ఆమె వీపు వెనక నుంచి వచ్చి మొహం నల్లగా పడింది. కుర్చీ తిప్పి, ఆమె వాకిటి వైపు చూసేలా కూర్చోబెట్టాను. తెర మీది గుండ్రని గీతలో మొహం ఇమిడింది. కళ్ళు ఆర్పమంది ఫోన్. పెద్దమ్మ గట్టిగా కళ్ళు మూసుకుని, దేవుడికి దండం పెట్టినట్టు అలాగే ఉండిపోయింది. "మూసి తెరవాలి పెద్దమ్మా, ఒక్కసారి రెప్ప కొట్టు చాలు" అన్నాను.

ఆ రెప్పపాటు ఎందుకంటే, ఎదురుగా ఉన్నది ప్రాణమున్న మనిషా, ఎవరో పట్టుకున్న ఫోటోనా అని తేల్చుకోవడానికి. కాగితం రెప్ప కొట్టదు కదా! మరో ఫోన్‌లో వీడియో నడిపి మోసం చేద్దామనుకునేవాళ్ళూ ఉంటారు. అందుకే తెర మెరుపు, అంచులు, చర్మం మీద వెలుతురు పడే తీరు లాంటి జాడలు కూడా ఇలాంటి పరీక్షల్లో చూస్తారు.

ఆ గండం గడిచాక పోలిక మొదలవుతుంది. కంప్యూటర్ ముఖాన్ని ఒక పొడవాటి అంకెల వరసగా మార్చుకుంటుంది. ఆధార్ తీసుకున్ననాటి ఫోటోకూ అలాంటి వరసే ఉంటుంది. రెండూ ఎంత దగ్గరగా ఉన్నాయో చూసి అవుననో కాదనో చెబుతుంది. ఇక్కడొక తిరకాసుంది. ఎంత దగ్గరగా ఉంటే అవుననాలి? గీత మరీ పైన గీస్తే మా పెద్దమ్మ లాంటి అసలు మనిషే బయట నిలబడిపోతుంది. మరీ కిందికి దించితే ఆమె చెల్లెలు వచ్చి కూర్చున్నా సరేనంటుంది. ఎక్కడ గీసినా ఎవరో ఒకరికి ఇబ్బందే.

ఈ పోలిక కూడా రెండు రకాలు. ఆధార్ కొత్తగా తీసుకునేటప్పుడు పది వేళ్ళు, రెండు కనుపాపలు, ముఖం తీసుకుని, ఈ మనిషి ఇదివరకే వేరే నంబర్‌తో ఉన్నాడా అని అందరి వివరాలతో పోలుస్తారు. ఒకసారి నంబర్ వచ్చాక జరిగేది చిన్న పని. నంబర్ నువ్వే చెప్పావు, ఆ ఒక్క నంబర్ కింద ఉన్న మనిషివి నువ్వేనా, అంతే ప్రశ్న. కనుపాపల సంగతి మనవాళ్ళకు కొత్త కాదు. ఉమ్మడి ఆంధ్రప్రదేశ్‌లో ఆధార్ రాకముందే, 2005లో, రేషన్ కార్డుల కోసం కళ్ళు పెద్దవి చేసుకుని లైన్లలో నిలబడ్డారు.

కాగితాల కథ వేరు. మా కాలంలో మెమో జిరాక్స్ మీద గెజిటెడ్ ఆఫీసర్ పచ్చ సిరా సంతకం కోసం ఆయన ఇంటి ముందు పొద్దున్నే కాపు కాసేవాళ్ళం. ఇప్పుడు కాగితాలను ఫోన్‌లోనే దాచుకునే ప్రభుత్వ డిజీలాకర్ ఉంది, 2015 నుంచి. అందులోకి టెన్త్ మెమో మనం స్కాన్ చేసి పెడితే అది మామూలు కాపీ. బోర్డు దగ్గర నుంచి నేరుగా వస్తే దానికి ఒరిజినల్‌తో సమానమైన విలువ ఉంటుంది. ఆధార్ మీది క్యూఆర్ కోడ్ కూడా అలాంటిదే. అందులో పేరు, పుట్టిన తేదీ, ఫోటోతో పాటు డిజిటల్ సంతకం ఉంటుంది. పాతకాలం ఉత్తరాల మీది లక్కముద్ర అనుకోండి. లోపల ఒక్క అక్షరం మార్చినా ముద్ర పగిలినట్టు తెలిసిపోతుంది. కార్డు మీద పైకి కనిపించే అక్షరాలను ఎవడైనా ఫోటోషాప్‌లో మారుస్తాడు, కోడ్ దగ్గరే దొరికిపోతాడు. అందుకే కార్డును కంటితో చూసి పంపేసే లాడ్జి కుర్రాడి తనిఖీకి పెద్ద విలువ లేదని నా అభిప్రాయం.

ఆధార్ నంబర్‌లోనూ ఒక చిన్న కాపలా ఉంది. పన్నెండో అంకె ముందున్న పదకొండింటిని బట్టి లెక్కకట్టి వచ్చేది. ఒక అంకె తప్పు కొట్టినా, పక్కపక్క అంకెలు తారుమారు చేసినా లెక్క కుదరదు. వెర్హోఫ్ అనే డచ్ గణితవేత్త కనిపెట్టిన పద్ధతి ఇది.

అంకెలు ఇంత బుద్ధిగా ఉంటాయి గానీ, మన పేర్లే చిక్కు. మనకు ఇంటిపేరు ముందు. మెమోలో పొడి అక్షరం, ఆధార్‌లో పూర్తి ఇంటిపేరు, పాన్‌లో అది చివరికి వెళ్ళి కూర్చుంటుంది. లక్ష్మికి ఇంగ్లిష్‌లో ఒకచోట 'హెచ్' ఉంటుంది, ఒకచోట ఉండదు. ఊళ్ళో అందరికీ తెలిసిన మనిషి కంప్యూటర్‌కు ముగ్గురవుతాడు. పాస్‌పోర్ట్‌లో పేరంతా ఒకే గడిలో రాయించుకున్నవాళ్ళకు అమెరికా వీసా మీద సొంత పేరుండాల్సిన చోట ఎఫ్ఎన్‌యూ అని వస్తుంది, పేరు తెలియదని దానర్థం. అమ్మానాన్నలు బారసాల చేసి మరీ పెట్టిన పేరు!

ఫోటోలదీ అదే గోల. మా అమ్మాయి పరీక్ష దరఖాస్తుకు ఫోటో మూడుసార్లు తిప్పికొట్టారు. కారణం చెప్పరు. చౌరస్తాలోని స్టూడియో అతను తెరకేసి ఒక్క చూపు చూసి, "గోడ తెలుపు, చున్నీ తెలుపు. భుజాలు ఎక్కడున్నయో దానికి తెలుస్తలేదు సార్" అన్నాడు. ముదురు రంగు చున్నీ వేసుకుని దిగితే ఒప్పుకున్నారు. ఇంకో పొరపాటు మనమే చేస్తుంటాం, కేబీలు తగ్గించాలని ఫోటోను వాట్సాప్‌లో అటూ ఇటూ పంపి పంపి మొహం అలుక్కుపోయేలా చేస్తాం.

ఇన్ని కాపలాలున్నా దొంగ దొంగే. 2018లో తెలంగాణలోనే సిమ్ కార్డులు అమ్మే ఒకతను భూముల రిజిస్ట్రేషన్ పత్రాల మీది వేలిముద్రలను నెట్‌లోంచి తీసి, రబ్బరు స్టాంపులు చేసే యంత్రంతో నకిలీ వేళ్ళు తయారు చేశాడు. వాటితో జనం పేర సిమ్‌లు యాక్టివేట్ చేసి పట్టుబడ్డాడు. పాస్‌వర్డ్ పోతే మార్చుకుంటాం, వేలు పోతే ఏం మార్చుకుంటాం? అందుకే ఆధార్‌లో బయోమెట్రిక్ లాక్ ఉంది. వేలిముద్ర అవసరం లేనన్నాళ్ళూ తాళం వేసి ఉంచుకోవచ్చు. జిరాక్స్ అడిగినచోట చివరి నాలుగు అంకెలే కనిపించే మాస్క్‌డ్ ఆధార్ ఇవ్వండి.

ఇక యంత్రం కాదన్న మనిషి సంగతి. ధ్రువీకరణ కుదరలేదన్న కారణంతో అర్హులకు రావాల్సింది ఆపకూడదని 2018 సెప్టెంబర్ 26 నాటి ఆధార్ తీర్పులో సుప్రీంకోర్టు చెప్పింది. కౌంటర్ దగ్గర ఎవరైనా "సిస్టమ్ తీసుకోవట్లేదమ్మా, రేపు రా" అంటే ఆ మాట గుర్తుచేయండి. మంచం మీదున్నవాళ్ళకైతే పోస్ట్‌మ్యాన్ ఇంటికే వచ్చి లైఫ్ సర్టిఫికెట్ చేసిపెడతారు. దానికి కొద్దిపాటి రుసుము ఉంటుంది.

మా పెద్దమ్మ నాలుగోసారికి రెప్ప సరిగ్గా కొట్టింది. తెర మీద పచ్చ టిక్కు వచ్చింది, కాసేపటికి ఫోన్‌కు మెసేజ్ కూడా. చదివి వినిపించాను.

"ఒప్పుకుందా?" అంది.

"ఒప్పుకుంది. ఇంకో ఏడాది ఢోకా లేదు."

"మరి నీ ఫోటో మార్పించుకో. వచ్చే కార్తీకానికి నిన్ను ఆనవాలు పట్టకుంటే నా పెన్షన్ పోతది" అంటూ కుర్చీ లోపలికి జరుపుకుంది.

సెలవు.