విలేకరి ఫోనులో మీ నంబరు

(కర్నూలులో రైతు సంఘాలు, స్వచ్ఛంద సంస్థల ప్రతినిధుల సమావేశంలో చేసిన ప్రసంగ పాఠం)

అందరికీ నమస్కారం.

పత్రిక డెస్కులో, అంటే వచ్చిన వార్తలు దిద్ది పేజీల్లో పెట్టే చోట, పనిచేసినన్నాళ్లూ నాకు తప్పని ప్రశ్న ఒకటుంది: “మా వార్త ఎందుకు వేయలేదు?” అడిగినవారిలో చాలామందికి తమ మండల విలేకరి పేరైనా తెలియదు. పత్రిక అంటే ఎక్కడో పెద్ద ఊళ్లో ఉన్న భవనం అనుకుంటారు. మీ వరకు పత్రిక అంటే మోటారు సైకిలు మీద ఊళ్లు తిరిగే ఒక మనిషి. అంతే. ఆ మనిషితో పరిచయం ఎలా పెంచుకోవాలో చెబుతాను.

ముందు ఆయన బతుకు తెలుసుకోండి. 1989లో ఈనాడు జిల్లా సంచికలు మొదలుపెట్టింది. మిగతా పత్రికలూ అదే బాట పట్టాయి. దాంతో మండలానికో విలేకరి అవసరమయ్యారు. వీరిలో ఎక్కువమంది నెలజీతం వాళ్లు కారు, కంట్రిబ్యూటర్లు. అచ్చయిన వార్త కొలతను బట్టి ముట్టేది పెట్రోలుకే చాలదు. అందుకే ఒకరు బీమా ఏజెంటు, ఇంకొకరు ప్రైవేటు బడిలో పంతులు, మరొకరికి జెరాక్స్ కొట్టు. పైగా పండగ వస్తే ప్రకటనలు తెమ్మని పైనుంచి ఒత్తిడి. అలాంటి మనిషికి పొద్దుపోయాక ఫోను చేసి “రేపటి పేపర్లో రావాలి” అని హుకుం జారీ చేస్తే ఏమనుకుంటాడు? జిల్లా పేజీలు సాయంత్రానికే ఒక రూపుకు వచ్చేస్తాయి. కార్యక్రమం ఉదయమే పెట్టుకోండి. వివరాలు మధ్యాహ్నానికల్లా పంపండి.

ఇక ప్రెస్ నోట్లు. ఒకసారి ఒక టమాటా రైతుల సంఘం నుంచి వచ్చింది. “సదస్సు ఘనంగా నిర్వహించారు” అని మొదలు. ఆపైన జ్యోతి ప్రజ్వలన. ఆపైన ముఖ్య అతిథి, విశిష్ట అతిథి, ఆత్మీయ అతిథి. ఈ ముగ్గురికీ తేడా ఏమిటో నాకు ఇప్పటికీ అంతుచిక్కలేదు. అందరి పేర్లూ, హోదాలూ అయ్యాక, సంతకానికి సరిగ్గా పైన ఒక్క ముక్క ఉంది: పత్తికొండ మార్కెట్లో ధర పడిపోయినప్పుడు ఈ సంఘం వాళ్లు కాయను ముక్కలు కోసి, ఎండబెట్టి అమ్ముకున్నారట! గిట్టుబాటు కాక టమాటాను రోడ్డు మీద పారబోసిన ఫొటోలు మనం ఏటా చూస్తూనే ఉన్నాం. పారబోయని రైతు దొరికాడంటే అదీ వార్త. ఆ సంగతే అడుగున పడేశారు. పని ఒత్తిడిలో సబ్ ఎడిటర్ అడుగుదాకా చదువుతాడన్న భరోసా లేదు. వివరాల కోసం నేనే ఫోను చేస్తే అవతలి పెద్దమనిషి, “అదేముంది సార్, అతిథుల పేర్లు మాత్రం పోకుండా చూడండి” అన్నాడు.

అయితే ఎంత మంచి నోటు రాసినా పరిచయం పెరగదు. మీ గురించి కాని సంగతులు కూడా చెప్పగలిగితేనే పెరుగుతుంది. ఈ జిల్లా విలేకరికి ఏడాది వార్తలన్నీ కంఠతా వచ్చు. తొలకరి పడితే జొన్నగిరి, తుగ్గలి పొలాల్లో వజ్రాల వేట. దసరా రాత్రి దేవరగట్టులో కర్రల సమరం. ఖరీఫ్ పనులు ముగిస్తే కోసిగి వైపు నుంచి గుంటూరు మిరప కోతలకు వలస. ఏటా అవే రాయాలి, ఏటా కొత్తగా రాయాలి. తాళం వేసిన ఇంటి ఫొటో ఎన్నిసార్లని వేస్తాడు?

మీ సంస్థ ఆ వలస ఊళ్లలో పనిచేస్తుంటే, ఏ ఊరి బడిలో ఎందరు పిల్లలు మిగిలారో, ఎందరు అమ్మానాన్నల వెంట వెళ్లిపోయారో, ఎందరు అవ్వ దగ్గర ఉండి చదువుకుంటున్నారో మీ రిజిస్టర్లో ఉంటుంది. ఆ లెక్క ఆయనకు ఇవ్వండి. పిల్లల పేర్లు మాత్రం వద్దు. ఆ వార్తలో మీ సంస్థ పేరు రాకపోవచ్చు, రాకపోతే అలగకండి. మళ్లీ వలస మీద ఎవరినైనా అడగాల్సి వచ్చినప్పుడు ఆయన మీకే ఫోను చేస్తాడు.

విలేకరి చేతిలో పెట్టే డబ్బు కవర్ల సంగతి కూడా చెప్పేస్తాను, ఎవరూ అడగరు కనుక. విలేకరులు కానుకలు తీసుకోకూడదని ప్రెస్ కౌన్సిల్ నియమావళిలోనే ఉంది. మీరు ఇవ్వకండి. డబ్బుంటే ప్రకటన ఇచ్చి రసీదు తీసుకోండి, దాన్ని వార్తకు ముడిపెట్టకండి. ఇచ్చిన వార్తను కత్తిరించేదీ, శీర్షిక పెట్టేదీ డెస్కు. ఆ కోపం విలేకరి మీద చూపించకండి. తప్పు పడితే ఏది తప్పో, ఏది ఒప్పో రెండు వాక్యాల్లో రాసి సవరణ కోరండి. “నా పేరు రాయొద్దు” అనే మాట సంగతి చెప్పకముందే అనాలి, చెప్పేశాక కాదు.

అన్నిటికన్నా కష్టమైనది మీ సంఘం మీదే ఆరోపణ వచ్చిన రోజు. లెక్కల్లో తేడా అంటారు, సభ్యులు గొడవకు దిగుతారు. ఆ రోజు చాలామంది ఫోను ఆపేస్తారు. ఎత్తండి. “ఇంతవరకు తెలిసింది ఇదీ, మిగతాది సాయంత్రంలోగా కనుక్కుని చెబుతాను” అనండి. చెప్పిన వేళకు మీరే ఫోను చేయండి.

వార్త వచ్చిందని విలేకరికి శాలువా కప్పి ఫొటో తీయించుకోకండి. ఆయనకు అదో ఇబ్బంది, చదువరికి అనుమానం. ఆ వార్త చూసి అధికారి ఊరికి వచ్చాడా, చెడిన బోరు బాగుపడిందా, లేక ఏమీ జరగలేదా? అది చెప్పండి. ఏమీ జరగకపోయినా ఆయనకు మరో వార్త ఉన్నట్టే.