ఇన్కా ట్రెయిలా, ఇన్కా జంగిల్ ట్రెక్కా? రెండూ తిరిగొచ్చి చెబుతున్నా

నమస్కారం అండి. మొదలుపెట్టే ముందే ఒక మాట. ఇన్కా జంగిల్ ట్రెక్‌కి నేను డబ్బు కట్టలేదు. పెరూ దేశంలోని కుస్కో నగరంలో ఒక ట్రెక్కింగ్ సంస్థ ఉచితంగా తీసుకెళ్లి, వీడియో చెయ్యమని అడిగింది. ఏం చెప్పాలన్నది మాత్రం నాకే వదిలేశారు. క్లాసిక్ ఇన్కా ట్రెయిల్‌కి నా సొంత డబ్బులతో వెళ్లాను. ఇది గుర్తుపెట్టుకుని వినండి.

రోజువారీ ప్లాన్లు, రేట్లు ఈపాటికే చూసుంటారు, వాటి జోలికి పోను. రెండూ మామూలుగా నాలుగు రోజులే, రెండూ కొండల మీదున్న ఇన్కాల పాత రాతి నగరం మాచు పిచ్చుకే చేరతాయి. ఇన్కా ట్రెయిల్‌లో సుమారు 43 కిలోమీటర్ల నడక, రాత్రికి గుడారం. జంగిల్ ట్రెక్‌లో సైకిల్, రాఫ్టింగ్, జిప్‌లైన్, మధ్యలో నడక, రాత్రికి హాస్టల్లో మంచం.

జంగిల్ ట్రెక్ మొదటి రోజు నాకు విపరీతంగా నచ్చింది. వ్యాన్‌లో అబ్రా మాలగా కనుమ దాకా ఎక్కిస్తారు, దాదాపు 4,300 మీటర్ల ఎత్తు. అక్కడ చేతులు కొంకర్లు పోయే చలి. హెల్మెట్, మోకాలి గార్డులు తగిలించుకుని సైకిలెక్కితే ఇక దిగడమే, తొక్కే పనే ఉండదు. కిందకి దిగేకొద్దీ జాకెట్ విప్పుతాం, తర్వాత స్వెట్టర్ విప్పుతాం, చివరికి చూస్తే చుట్టూ అరటిచెట్లు! ఒక్క పూటలో చలికాలం నుంచి ఎండాకాలంలోకి జారిపోయినట్టుంటుంది.

కానీ అది లారీలు, బస్సులు తిరిగే తారు రోడ్డండి. మలుపు మలుపుకీ హారన్లే. నాకిచ్చిన సైకిల్ వెనక బ్రేక్ సరిగా పట్టడం లేదు. చెబితే మొదట 'ఫర్వాలేదు' అన్నారు, గట్టిగా అడిగితేనే మార్చారు. నాకు చాలా కోపం వచ్చింది. అంత దిగుడులో బ్రేక్ విషయంలో ఫర్వాలేదు అనే మాటే ఉండకూడదు. మీరు వెళ్తే గ్లవ్స్ వేసుకోకముందే రెండు బ్రేకులూ నొక్కి చూడండి. మొహమాటపడకండి.

రాఫ్టింగ్ బాగుంది. వానాకాలంలో, అంటే డిసెంబర్ నుంచి మార్చి దాకా, నది పొంగితే ఆపేస్తారు. ఒళ్లు నొప్పుల మీద కొకాల్‌మాయో వేడినీటి కొలనుల్లో కూర్చుంటే ప్రాణం లేచొస్తుంది. జిప్‌లైన్ గురించి చెప్పడానికి పెద్దగా ఏమీ లేదు, ఎక్కడైనా జిప్‌లైన్ జిప్‌లైనే. నా గొడవంతా చివరి నడకతో. జలవిద్యుత్ కేంద్రం ఉన్న ఇద్రోఎలెక్ట్రికా నుంచి మాచు పిచ్చు కింద ఉన్న ఊరు ఆగువాస్ కాలియెంతెస్ దాకా సుమారు 10 కిలోమీటర్లు రైలు పట్టాల పక్కన కంకర మీద నడవాలి. అడవి అందంగానే ఉంటుంది, కానీ కళ్లు కంకర మీద, చెవులు రైలు కూత మీద. అంత పెద్ద చోటికి పక్కదారిన వెళ్తున్నట్టు అనిపించింది.

ఇప్పుడు ఇన్కా ట్రెయిల్. ఇక్కడ కాస్త ఎక్కువసేపు మాట్లాడతాను, ఎందుకంటే నాకు ఆ దారే ముఖ్యం.

స్పెయిన్ వాళ్లు రాకముందు ఈ కొండల్ని ఏలిన ఇన్కాల కాలంలో బండి చక్రం వాడకం లేదు, గుర్రాలు లేవు. గుర్రాలు స్పెయిన్ వాళ్లతో వచ్చాయి. అంటే ఆ దారి మీద నడిచింది మనుషులు, బరువు మోసే లామా అనే జంతువులు, అంతే. అందుకే కొండ ఎదురైతే వాళ్లు చాలాచోట్ల మెలికలు తిప్పకుండా, రాతి మెట్లు కట్టి నిటారుగా పైకి తీసుకెళ్లిపోయారు. మాలగా రోడ్డు చక్రం కోసం వేసింది, ఇది పాదం కోసం వేసింది. ఆ తేడా తలకంటే ముందు మోకాళ్లకు తెలుస్తుంది. అలిపిరి మెట్లు ఎక్కినవాళ్లకు సగం అర్థమై ఉంటుంది. మిగతా సగం ఎత్తు వల్ల. రెండో రోజు వార్మివాన్యుస్కా కనుమ 4,200 మీటర్లు దాటుతుంది. పది మెట్లెక్కి నిలబడటం, ఊపిరి తీసుకోవడం, మళ్లీ పది.

మొదట్లో దారి చాలావరకు తర్వాత బాగుచేసినది. రుంకురకాయ్ అనే తర్వాతి కనుమ దాటాక ఎక్కువగా ఇన్కాలు పరిచిన రాళ్లే. వాన పడుతోంది, నా కళ్లు కిందే ఉన్నాయి. నీళ్లు దారి మీద నిలవడం లేదు, పక్కన కట్టిన కాలువల్లోకి పోతున్నాయి. ఒకచోట బండరాయి అడ్డొస్తే దాని లోపలి నుంచే సొరంగం తీసి, అందులో మెట్లు చెక్కారు. దారిలో వచ్చే ఇన్కా శిథిలాలు ఫుయుపటమార్కాలో స్నానపు తొట్లలో నీళ్లు ఇప్పటికీ పారుతున్నాయి. ఎవరో ఐదువందల ఏళ్ల కిందట నా అడుగు ఎక్కడ పడుతుందో ఆలోచించి రాయి పెట్టారు కదా అనిపించి, అక్కడే కాసేపు కూర్చుండిపోయాను.

ఇంతకుముందు మాచు పిచ్చుకే వెళ్లే ఇంకో దారి, సల్కంతాయ్ ట్రెక్ కూడా చేశాను. మంచుకొండ ఎదురుగా ఉంటుంది, కంటికి పండగే. అక్కడ సామాను కంచరగాడిదలు మోస్తాయి. ఇన్కా ట్రెయిల్ మీదకి వాటిని రానివ్వరు, మోసేది మనుషులే. మనం రొప్పుతూ నిలబడితే పోర్టర్లు పక్కనుంచి దాదాపు పరుగున వెళ్లిపోతారు. ఒక్కొక్కరికి 20 కిలోలకు మించకూడదని నియమం ఉంది. బుక్ చేసేముందు వాళ్లకి జీతమెంత, ఎక్కడ పడుకుంటారు అని అడగండి. జవాబు తడబడితే ఆ సంస్థ వద్దు.

నాలుగో రోజు తెల్లవారుజామున ఇంతిపుంకు, అంటే సూర్యద్వారం, చేరాను. మొత్తం మబ్బు. మాచు పిచ్చు కాదు కదా, పక్కనున్న మనిషే సరిగా కనిపించలేదు. అరగంట చూశాం, మబ్బు కదల్లేదు. అయినా నాకు బాధ అనిపించలేదు. కాలికింద ఆ రాళ్లున్నాయి, వాటి మీదే నడుస్తూ మాచు పిచ్చులోకి పోతున్నా.

నా ఓటు ఇన్కా ట్రెయిల్‌కే. బ్రేక్ సంగతి, ఈ మాట రెండూ నన్ను తీసుకెళ్లిన సంస్థకు కూడా చెప్పాను. ఇరవై ఏళ్ల కుర్రాళ్ల గుంపు, అందరూ సైకిల్ పిచ్చోళ్లే అయితే జంగిల్ ట్రెక్‌కి హాయిగా వెళ్లండి. ఇన్కా ట్రెయిల్ పర్మిట్ దొరకనివాళ్లకి కూడా జంగిల్ ట్రెక్ మంచిదే. ట్రెయిల్ మీదకి రోజుకి 500 మందినే వదులుతారు, అందులో గైడ్లు, వంటవాళ్లు, పోర్టర్లు కూడా లెక్కే. ఫిబ్రవరి అంతా మూసేస్తారు. మే, జూన్‌కి అయితే పర్మిట్లు నెలల ముందే అయిపోతాయి. పర్మిట్ మీద మీ పాస్‌పోర్ట్ నంబర్ ఉంటుంది, ఇంకొకరికి మార్చడం కుదరదు. పాస్‌పోర్ట్ రెన్యూవల్ దగ్గర్లో ఉంటే ముందు ఆ పని చేసుకుని, అప్పుడు బుక్ చేయండి.