ముడి సిగ్నల్‌ను పారేయకండి

సభకు నమస్కారం. వేదిక మీదున్న ప్రిన్సిపాల్ గారికి, విభాగాధిపతి గారికి, ఇందాక నా గురించి అంత అభిమానంగా మాట్లాడిన మేడమ్ గారికి, ఎండలో బస్సులు మారి వచ్చిన పక్క కాలేజీల పిల్లలకి, పొద్దుట్నించి టీలు అందిస్తున్న క్యాంటీన్ వాళ్లకి, అందరికీ కృతజ్ఞతలు.

నాకిచ్చిన అంశం మెదడు పరిశోధనలో సిగ్నల్ ప్రాసెసింగ్ పద్ధతులు. పాత ఫోరియర్ గణితంతో మొదలుపెట్టి డీప్ లెర్నింగ్ దాకా వద్దామని స్లైడ్లు తెచ్చాను. కానీ పొద్దున మీ పోస్టర్లు చూశాక మనసు మారింది. చాలా వాటి మీద కచ్చితత్వం ఇంత శాతమని పెద్దక్షరాల్లో ఉంది. ఈ డేటాకి మీ చేతికి రాకముందు ఏ ఫిల్టర్ వేశారమ్మా అని నేనడిగిన ఏ ఒక్కరూ జవాబు చెప్పలేకపోయారు. ఫిల్టరంటే సిగ్నల్లో అక్కర్లేని రొదను వడకట్టే జల్లెడ; అది తగలని అసలు రికార్డే ముడి సిగ్నల్. ఇది మీ తప్పు కాదు. మేం మీకు నేర్పిన పద్ధతే అలా ఉంది. అందుకే స్లైడ్లు పక్కన పెడుతున్నాను.

తల మీద ఎలక్ట్రోడ్లు అతికించి మెదడు విద్యుత్తును నమోదు చేసే ఈఈజీ ఎలా తీస్తారో ఎంతమంది కళ్లారా చూశారు? చేతులెత్తండి. చూశారా సార్, ముందు వరసలో ఇద్దరే.

సరే, చెబుతాను. టెక్నీషియన్ టేపు తీసుకుని ముక్కు మొదలు నుంచి తల వెనక ఎముక గడ్డ దాకా కొలుస్తారు. అందులో పది శాతం, ఇరవై శాతం దూరాల్లో పెన్సిలుతో గుర్తులు పెడతారు. జుట్టు పాయలు తీసి, చర్మాన్ని గరుకు జెల్‌తో రుద్ది, పేస్టు పెట్టి ఎలక్ట్రోడ్ అతికిస్తారు. తలంటుకుని నూనె రాసుకోకుండా రమ్మని ముందే చెబుతారు. మన ఊళ్లలో కొబ్బరినూనె లేకుండా తల దువ్వుకోవడం చాలామందికి చేతకాదు, అలాగే వచ్చేస్తారు. అప్పుడు స్పిరిట్‌తో తుడవడం, మళ్లీ అతికించడం. ఇంత చేస్తే తల మీద దొరికేది కొన్ని పదుల మైక్రోవోల్టులు. గుండె ఈసీజీ ఒక మిల్లీవోల్టు దాకా ఉంటుంది. ఒక్కసారి రెప్ప వేస్తే వంద మైక్రోవోల్టులు దాటిపోతుంది. గోడలో తీగల నుంచి 50 హెర్ట్జ్ రొద సరేసరి.

కాబట్టి ఫిల్టర్ వద్దని నేననను, అది లేకపోతే ఏమీ చదవలేం. ఫిల్టర్ వేశాక అసలుదాన్ని చెరిపేయవద్దంటాను. రాళ్లు ఏరి బియ్యం కూడా చేటతో పారబోస్తామా?

ఇక్కడ ఒక అమ్మాయి సంగతి చెప్పాలి. ఇంటర్ చదువుతోంది. ఎండలో ప్రార్థనకు నిలబడి కళ్లు తిరిగి పడిపోయింది. ఒక ఆస్పత్రిలో ఈఈజీ తీసి, మూర్ఛ లక్షణాలున్నాయని రాశారు. మాత్రలు మొదలయ్యాయి. మత్తుకు తరగతిలో కూర్చోలేక చదువు మానేసింది. చాలా కాలం తర్వాత మరోచోట వీడియోతో కలిపి రాత్రంతా రికార్డు చేస్తే ఏమీ లేదు. వాళ్లమ్మ పాత రిపోర్టు తెచ్చి నా చేతిలో పెట్టింది. కింద చిన్న అక్షరాల్లో హై ఫిల్టర్ 15 హెర్ట్జ్ అని ఉంది, అంటే సెకనుకు 15 సార్ల కంటే వేగంగా ఊగే అలలను తగ్గించేశారు. కణత దగ్గర కండరం బిగిస్తే వచ్చే గజిబిజి మీద 15 హెర్ట్జ్ ఫిల్టర్ వేస్తే, ఆ గజిబిజి మొద్దుబారి మెదడు నుంచి వచ్చిన, మూర్ఛను సూచించే మొనల్లా కనబడుతుంది. ఆ పిల్లకి జరిగింది అదేనా? అదేనని నా అనుమానం. తేల్చాలంటే ఫిల్టర్ తీసేసి చూడాలి. ముడి రికార్డు కావాలని అడిగాను. స్థలం చాలక తీసేశాం, పిడిఎఫ్ మాత్రమే ఉందన్నారు. ఆ తల్లికి నేను అవుననీ చెప్పలేకపోయాను, కాదనీ చెప్పలేకపోయాను.

ఫిల్టర్‌లో పోయినదాన్ని పిడిఎఫ్ నుంచి ఏ ఆల్గారిథమూ తిరిగి తేలేదు పిల్లలూ! ఇది గట్టిగా పట్టుకోండి.

ఈ జాగ్రత్త కొత్తదేమీ కాదు. జర్మనీలోని యెనాలో హాన్స్ బెర్గర్ 1924లో మనిషి మెదడు అలలను మొదటిసారి నమోదు చేశాడు. ప్రచురించింది 1929లో. మధ్య ఐదేళ్లూ ఇది గుండె నుంచి వస్తోందా, కదలిక నుంచి వస్తోందా అని తన రికార్డులనే అనుమానిస్తూ పరీక్షించుకున్నాడు. అయినా లోకం నమ్మలేదు. 1934లో కేంబ్రిడ్జిలో ఏడ్రియన్, మాథ్యూస్ అనే శాస్త్రవేత్తలు అదే ప్రయోగం చేసి చూపించాకే తల ఊపింది.

రక్తప్రవాహంలో మార్పుల్ని బట్టి మెదడులో ఏ భాగం పనిచేస్తోందో చూపే ఎఫ్ఎంఆర్ఐ స్కాన్ సంగతీ ఇంతే. వయసు పెరిగే కొద్దీ మెదడులో దూరపు భాగాల మధ్య సంబంధాలు బలపడతాయని వచ్చిన ఫలితాల్లో కొంత భాగం, చిన్నపిల్లలు స్కానర్‌లో తల ఎక్కువ కదపడం వల్ల వచ్చిందని 2012లో తేలింది. తేల్చిన వాళ్లలో ఆ ఫలితాలు ప్రకటించిన, అమెరికాలోని సెయింట్ లూయిస్ బృందమే ఉంది. వాళ్ల దగ్గర స్కాన్లు భద్రంగా ఉన్నాయి కాబట్టే అది కుదిరింది. 2016లో ఎక్లుండ్, నికోల్స్, నట్సన్ అనే పరిశోధకులు అందరికీ అందుబాటులో ఉన్న 499 మంది ఆరోగ్యవంతుల స్కాన్లతోనే వాడుకలో ఉన్న సాఫ్ట్‌వేర్లను పరీక్షించారు. ఏమీ లేనిచోట ఏదో ఉన్నట్టు చూపే తప్పుడు ఫలితాలు ఐదు శాతం ఉండాల్సింది, కొన్ని పద్ధతుల్లో డెబ్బై శాతం దాకా పోయాయి. ఆ స్కాన్లను ఎవరైనా స్థలం చాలక తీసేసి ఉంటే?

విభాగాధిపతి గారూ, వచ్చే ఏడాది ఈఈజీ యంత్రం కొంటామన్నారు, సంతోషం. టెండరులో ఒక షరతు పెట్టండి: ఏ ఫిల్టరూ తగలని సిగ్నల్ మొత్తం ఈడీఎఫ్ అనే ఫైలు ఫార్మాట్‌లో బయటికి తీసుకునే వీలుండాలి. 1992 నుంచి ఉన్న ఫార్మాట్ అది, ఎవరైనా వాడుకోవచ్చు. దానికి వేరే లైసెన్సు కొనాలని కంపెనీ వాళ్లంటే ఒప్పుకోకండి. పిల్లలూ, ఆ ఫైలు మొదట్లో ప్రతి చానెలుకీ ముందే ఏ ఫిల్టర్ వేశారో రాసే గడి ఒకటుంటుంది. దాన్ని ఖాళీగా వదలకండి. ఇక ప్రశ్నలు అడగండి, పోస్టర్లు పెట్టినవాళ్లు ముందు.